గాయపడిన జవానుకు కంపెనీ సాయం: చట్టం లెక్క ఒకటి, గాయం లెక్క మరొకటి

సంక్షిప్తంగా

విధి నిర్వహణలో గాయపడిన సైనికుడికి కంపెనీల సాయం సాధారణంగా మూడు దారుల్లో అందుతుంది: నేరుగా ఇచ్చే కానుక, సంక్షేమ నిధికి ఇచ్చే విరాళం, ఉద్యోగం. వార్తల్లోకి ఎక్కువగా ఎక్కేది మొదటిది. కంపెనీల చట్టం కింద సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చుగా సులభంగా చెల్లేది రెండోది. గాయపడిన మనిషికి ఎక్కువ కాలం అక్కరకు వచ్చేది మూడోది, కానీ అది సామాజిక బాధ్యత లెక్కలోకే రాదు. గాయం వల్ల వచ్చే ఖర్చు దశాబ్దాల పాటు సాగుతుంది, సాయం మాత్రం తొలి కొద్ది వారాల్లోనే ముగుస్తుంది. అసలు సమస్య ఈ కాలవ్యత్యాసంలో ఉంది.

కాలో చెయ్యో పోగొట్టుకున్న జవానుకు ఫలానా కంపెనీ ఇల్లు ఇచ్చిందని, కారు ఇచ్చిందని, విదేశీ కృత్రిమ కాలు పెట్టించిందని వార్త వచ్చినప్పుడల్లా చదివేవారిలో హర్షంతో పాటు కొన్ని సందేహాలూ కలుగుతాయి. ఆ డబ్బు కంపెనీ మనసుపడి ఇచ్చినదా, లేక చట్టం ఎలాగూ ఖర్చుపెట్టమన్న సొమ్మేనా? సైన్యం చూసుకోవలసిన మనిషికి బయటివారి సాయం ఎందుకు కావలసి వచ్చింది? అదే గాయమైన మరో జవానుకు ఏ సాయమూ ఎందుకు అందలేదు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి సమాధానాలు కొంత పింఛను నిబంధనల్లోనూ, కొంత కంపెనీల చట్టంలోనూ, కొంత కృత్రిమ అవయవాల సాంకేతికతలోనూ ఉన్నాయి.

హైదరాబాద్‌కు ఈ విషయం దూరపుది కాదు. నగరానికి ఒక పక్క సికింద్రాబాద్ కంటోన్మెంట్, తిరుమలగిరిలో మిలటరీ ఆసుపత్రి, సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎమ్‌ఈ, ఆయుధ సామగ్రి చూసే ఏఓసీ విభాగాల శిక్షణ కేంద్రాలు, గోల్కొండ దగ్గర ఆర్టిలరీ సెంటర్ ఉన్నాయి. మరో పక్క హైటెక్ సిటీ, గచ్చిబౌలిలలో దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్, ఔషధ, ఆర్థిక సంస్థల కార్యాలయాలు ఉన్నాయి. సాయం కావలసినవారు, చేయగలవారు ఒకే నగరంలో ఉన్నారు. వారిద్దరినీ కలపవలసిన దారి ఎలా ఉందన్నదే తెలుసుకోవలసింది.

ప్రభుత్వం ఇచ్చేది ఎంత

సైన్యం గాయపడిన జవానును గాలికి వదిలేస్తుందన్న అభిప్రాయం సరైనది కాదు. చికిత్స మొత్తం సైనిక ఆసుపత్రులే చూసుకుంటాయి. కాలు లేదా చెయ్యి తీసేయవలసి వచ్చినవారికి పుణేలో 1944 నుంచి పనిచేస్తున్న ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది. వెన్నుపూస దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడినవారికి పుణే పక్కన ఖడ్కీలో, పంజాబ్‌లోని మొహాలీలో పునరావాస కేంద్రాలు ఉన్నాయి. సర్వీసు నుంచి బయటికి వచ్చాక మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ 2003 నుంచి అమల్లో ఉంది.

పింఛను విషయం కొంచెం చిక్కుగా ఉంటుంది, కానీ దాన్ని అర్థం చేసుకోకుండా బయటి సాయం అవసరాన్ని అంచనా వేయలేము. వైద్య కారణాలతో సర్వీసు నుంచి బయటికి పంపిన జవాను పింఛనులో రెండు భాగాలుంటాయి. ఒకటి చేసిన సర్వీసుకు, రెండోది వైకల్యానికి. మెడికల్ బోర్డు వైకల్యాన్ని శాతాల్లో నిర్ణయిస్తుంది. 20 శాతానికి తగ్గకుండా ఉంటేనే రెండో భాగం వస్తుంది. ఇలా బయటికి పంపినవారి విషయంలో బోర్డు వేసిన శాతాన్ని పై మెట్టుకు సర్దుతారు: 50 లోపు ఉంటే 50గా, 50 నుంచి 75 వరకు ఉంటే 75గా, ఆపైన ఉంటే 100గా లెక్కిస్తారు.

గాయం ఎలా తగిలిందన్నదాన్ని బట్టి ఈ రెండో భాగం ఎంతో మారిపోతుంది. డ్యూటీలో జరిగిన మామూలు ప్రమాదమైతే 100 శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం లెక్కన ఇస్తారు. శత్రువు కాల్పుల్లోనో, మందుపాతర పేలుడులోనో, ఉగ్రవాదులతో జరిగిన పోరులోనో తగిలిన గాయమైతే అది యుద్ధగాయం కిందికి వస్తుంది. ఆ కారణంతో సర్వీసు నుంచి పంపినప్పుడు 100 శాతం వైకల్యానికి చివరి జీతం మొత్తాన్నీ ప్రమాణంగా తీసుకుంటారు. ఉదాహరణకు నెలకు 40,000 రూపాయల జీతం లెక్కలోకి వచ్చే ఇద్దరు జవాన్లకు చెరొక కాలు పోయి, బోర్డు ఇద్దరికీ 60 శాతం వైకల్యం వేసిందనుకుందాం. అది 75 శాతంగా సర్దుబాటు అవుతుంది. వాహన ప్రమాదంలో కాలు పోయినవారికి వైకల్య భాగం నెలకు 9,000 రూపాయలు. మందుపాతర మీద అడుగు వేసినవారికి 30,000 రూపాయలు. సర్వీసు భాగం దీనికి అదనం.

ఈ తేడాకు ఒక తర్కం ఉంది. శత్రువు ఎదుట నిలబడినవారికి దేశం ఎక్కువ ఋణపడి ఉంటుందన్నది అందరూ ఒప్పుకొనే మాటే. అయితే కృత్రిమ కాలు ధర, వీల్‌చైర్ పట్టేలా ఇంటి తలుపులు వెడల్పు చేయించే ఖర్చు, భర్తను చూసుకోవడానికి పని మానుకున్న భార్య కోల్పోయే ఆదాయం, ఇవేవీ గాయానికి కారణమేమిటని అడగవు. ప్రజల దృష్టి, దాని వెంటే కంపెనీల సాయం కూడా యుద్ధగాయాల వైపే ప్రవహిస్తాయి. ఫలితంగా పింఛను తక్కువగా ఉన్నచోటికే బయటి సాయం కూడా తక్కువగా చేరుతుంది.

ప్రాణాలు కోల్పోయినవారికీ, గాయపడి బతికినవారికీ మధ్య కూడా ఇలాంటి అంతరం ఉంది. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు వీరమరణం పొందినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్‌ 1 ఉద్యోగం ఇచ్చింది. అదే ఘర్షణలో ప్రాణాలు కోల్పోయిన మిగిలిన 19 మంది కుటుంబాలకు పది లక్షల చొప్పున ప్రకటించింది. అది ఆ త్యాగానికి తగిన గౌరవం. గాయపడి బతికినవారి విషయంలో అలాంటి ప్రకటనలు అంతగా కనిపించవు. మరణవార్త ఒక తేదీన వస్తుంది, ఊరంతా వీధుల్లోకి వస్తుంది. గాయం మాత్రం ఆసుపత్రి వార్డులో, నెలల తరబడి, ఎవరికీ కనపడకుండా సాగుతుంది.

సామాజిక బాధ్యత పద్దులో ఏది చెల్లుతుంది

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల రూపాయల నికర విలువ, లేదా 1,000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని ఆ చట్టం చెప్పింది. సగటు లాభం 100 కోట్లుంటే ఖర్చు చేయవలసింది 2 కోట్లు. ఏయే పనుల మీద ఖర్చు చేయవచ్చో ఏడో షెడ్యూలులో ఉంది. అందులో సైనికులకు సంబంధించిన పద్దు మాజీ సైనికులు, యుద్ధంలో భర్తలను కోల్పోయిన మహిళలు, వారి మీద ఆధారపడినవారి మేలు కోసం చేసే పనులను పేర్కొంటుంది. కేంద్ర సాయుధ పోలీసు బలగాల మాజీ సిబ్బందిని, వారి కుటుంబాలను 2020లో అదే పద్దులో చేర్చారు.

ఇక్కడ గమనించవలసిన మాట "మాజీ". ఆసుపత్రి మంచం మీద ఉన్న జవాను ఇంకా సైన్యంలోనే ఉన్నాడు. మెడికల్ బోర్డు తేల్చడానికి నెలలు పడుతుంది. బోర్డు తర్వాత కూడా చాలామందిని తేలికపాటి విధుల్లో సర్వీసులోనే కొనసాగిస్తారు. అంటే టీవీల్లో, పత్రికల్లో జవాను కథ వచ్చే రోజుల్లో, కంపెనీకి సాయం చేయాలన్న ఉత్సాహం ఎక్కువగా ఉండే సమయంలో, అతను ఆ పద్దులోని మాటల పరిధిలోకి నేరుగా రాడు. ఏడో షెడ్యూలును ఉదారంగా అన్వయించుకోవాలని కంపెనీ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే ఒక సర్క్యులర్‌లో చెప్పింది కాబట్టి వైద్యం, వికలాంగుల నైపుణ్య శిక్షణ వంటి ఇతర పద్దుల కింద దారి వెతుక్కోవచ్చు. అయితే అదే సర్క్యులర్ ఇంకో మాట కూడా చెప్పింది: సామాజిక బాధ్యత పనులు ప్రాజెక్టు రూపంలో ఉండాలి, ఒక్కసారితో ముగిసే కార్యక్రమాలు, అవార్డులు, విరాళాలు, ప్రకటనలు లెక్కలోకి రావు. ఒక్క మనిషికి ఒక్కసారి ఇచ్చే చెక్కు ఈ చట్రంలో సులభంగా ఇమడదు.

2021 జనవరిలో సవరించిన నిబంధనలు మరికొన్ని గీతలు గీశాయి. కంపెనీ ఉత్పత్తులకూ సేవలకూ మార్కెటింగ్ ప్రయోజనం కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్ సామాజిక బాధ్యత కాదు. సొంత ఉద్యోగులకు మేలు చేసే పనులు కావు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసేవీ కావు. 2021 ఆగస్టులో కంపెనీ వ్యవహారాల శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం వస్తురూపంలో చేసిన సాయానికి వెలకట్టి ఖర్చుగా చూపడం కూడా కుదరదు, ఎందుకంటే చట్టం చెప్పింది ఖర్చు చేయమని. కార్ల కంపెనీ తన కారును, నిర్మాణ సంస్థ తన ఫ్లాటును, ఆసుపత్రుల సంస్థ తన చికిత్సను ఉచితంగా ఇచ్చి, దాని మార్కెట్ ధరను 2 శాతంలో కలిపేసుకోవడం ఇందువల్ల సాధ్యం కాదు.

"చట్టం చెప్పిన డబ్బే కదా" అన్న అనుమానానికి సమాధానం ఇందులోనే దొరుకుతుంది. సొంత ఉత్పత్తిని ఒక్క జవానుకు కానుకగా ఇచ్చి, దాని గురించి ప్రకటన చేసుకున్న కంపెనీ అది సామాజిక బాధ్యత ఖర్చని చెప్పుకోవడం కష్టం. అలాంటి కానుక చాలావరకు కంపెనీ అదనంగా పెట్టుకున్న ఖర్చే. దానిలో ప్రచార లాభం ఉండవచ్చు, కానీ తప్పనిసరి బాకీని తీర్చుకున్నట్టు కాదు. నిధికి ఇచ్చిన కోటి రూపాయల విరాళం అలా కాదు. అది చట్టప్రకారం ఖర్చు చేయవలసిన మొత్తంలోంచే వచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన దాని విలువ తగ్గదు, ఎందుకంటే ఆ 2 శాతాన్ని బడికి ఇవ్వాలా, చెరువుకు ఇవ్వాలా, సైనికులకు ఇవ్వాలా అన్న ఎంపిక కంపెనీదే. ఉదారత ఉందంటే అది ఆ ఎంపికలో ఉంది.

పుచ్చుకునేవారి వైపు లెక్క

సర్వీసులో ఉన్న సైనికుడు బయటి సంస్థ నుంచి విలువైన కానుక తీసుకోవాలంటే పై అధికారుల అనుమతి కావాలి. పన్ను సంగతి చాలామందికి తెలియదు. వైద్య కారణాలతో సర్వీసు నుంచి పంపినవారి వైకల్య పింఛనుకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. కానీ బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50,000 రూపాయలకు మించి నగదు కానుకగా వస్తే, మినహాయింపులు వర్తించని పక్షంలో, అది పుచ్చుకున్నవారి ఆదాయంగా పన్ను కిందికి వస్తుంది. ఫ్లాటు, స్థలం వంటి స్థిరాస్తికి రిజిస్ట్రేషన్ విలువను లెక్కలోకి తీసుకుంటారు. కారు మాత్రం ఆ జాబితాలోని ఆస్తుల్లో లేదు. ఆదాయపు పన్ను శాఖలో నమోదైన ధార్మిక ట్రస్టు ద్వారా అందిన సాయానికి ఈ నియమం వర్తించదు. పెద్ద కంపెనీలు తమ ఫౌండేషన్ల ద్వారా సాయం పంపడానికి ఇదొక కారణం. హడావుడిగా వేదిక మీద చెక్కు అందించే సంస్థలు ఈ విషయం ముందే చూసుకోకపోతే, మరుసటి ఏడాది పన్ను నోటీసు అందుకునేది జవానే.

ఒక్కరికా, నిధికా

2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచుచరియలు విరిగిపడి పదిమంది సైనికులు ప్రాణాలు కోల్పోయినప్పుడు, సాయం చేస్తామంటూ దేశం నలుమూలల నుంచి జనం ముందుకు వచ్చారు. ఆ డబ్బును తీసుకోవడానికి సరైన ఖాతా కావలసి వచ్చింది. ఆ అనుభవం నుంచే యుద్ధంలో మరణించిన, గాయపడిన సైనికుల కోసం ప్రత్యేక సంక్షేమ నిధి 2017లో ఏర్పడింది. రక్షణ శాఖ కింద మాజీ సైనికుల సంక్షేమ విభాగం దీన్ని చూస్తుంది. మరణించినవారి కుటుంబాలకు, తీవ్ర వైకల్యం పాలైనవారికి ఈ నిధి నుంచి ఇచ్చే అదనపు సాయాన్ని 2019లో 2 లక్షల నుంచి 8 లక్షల రూపాయలకు పెంచారు. దానికి విరాళాలిచ్చేందుకు 2022 అక్టోబరులో "మా భారతీ కే సపూత్" పేరుతో వెబ్‌సైటు ప్రారంభమైంది. సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి వీటన్నిటికన్నా పాతది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న బడిపిల్లలు చిన్న జెండాలు పట్టుకొని హుండీలు తిప్పే ఆ రోజు చాలామందికి గుర్తే. ఆ నిధికి కంపెనీలు ఇచ్చే విరాళం సామాజిక బాధ్యత కింద చెల్లుతుంది. ఖడ్కీ, మొహాలీ కేంద్రాలకు కూడా దాని నుంచే సాయం వెళ్తుంది.

నిధికి, నేరు కానుకకు మధ్య ఉన్న తేడా పంపిణీలో ఉంది. నేరు కానుక కథ తెలిసిన మనిషికి చేరుతుంది. వీడియో వైరల్ అయిన జవానుకు మూడు కంపెనీలు వరుస కట్టవచ్చు, అదే పేలుడులో అదే రోజు గాయపడిన అతని సహచరుడి పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. కేంద్ర సాయుధ బలగాల అమరుల కోసం హోం శాఖ 2017 ఏప్రిల్‌లో ప్రారంభించిన "భారత్ కే వీర్" వేదిక ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. ఒక్కో అమరుడి పేరు మీద వచ్చే విరాళాలకు 15 లక్షల రూపాయల పరిమితి పెట్టింది. అది నిండాక దాతకు తెలియజేసి, సొమ్మును మరొకరికో ఉమ్మడి నిధికో మళ్లించుకోమంటుంది. కంపెనీల కానుకలకు అలాంటి పరిమితి ఏదీ లేదు.

నిధుల్లో లోపం మరో రకమైనది. అందరికీ ఒకే మొత్తం, ఒకే దరఖాస్తు, ఒకే వేగం. మోకాలి కింద కాలు పోయినవారికీ, రెండు కళ్లూ పోయినవారికీ కావలసినవి ఒకటి కావు. వరంగల్ జిల్లాలోని పల్లెలో మెట్లున్న పాత ఇంట్లో ఉండే జవాను అవసరం, హైదరాబాద్‌లో లిఫ్టున్న అపార్ట్‌మెంటులో ఉండే జవాను అవసరం ఒకటి కావు. ఇంటికి వచ్చి చూసి, ఏం కావాలో అడిగి, అదే చేసిపెట్టగల వెసులుబాటు కంపెనీకి ఉంది, ప్రభుత్వ నిధికి లేదు. జిల్లాల్లోని సైనిక సంక్షేమ కార్యాలయాల దగ్గర, రాష్ట్రస్థాయిలో సోమాజిగూడలోని సైనిక సంక్షేమ శాఖ దగ్గర మాజీ సైనికుల వివరాలుంటాయి. కథ ఎవరిదో చూసి కాకుండా ఆ జాబితా నుంచి మనుషులను ఎంచుకొని, ఒక్కొక్కరి అవసరాన్ని విడిగా చూసే ప్రాజెక్టు చేస్తే నిధిలోని సమానత, కానుకలోని వెసులుబాటు రెండూ కలుస్తాయి. పైగా అది ప్రాజెక్టు రూపంలో ఉంటుంది, చట్టం అడిగిందీ అదే.

కృత్రిమ కాలు ఒకసారి కొంటే సరిపోదు

కాలు తీసేసిన తర్వాత మిగిలిన మొండి భాగం మొదటి ఏడాదిలో చాలా మారుతుంది. వాపు తగ్గుతుంది, కండ కరుగుతుంది. దానికి సరిపోయేలా చేసిన సాకెట్ (మొండి భాగం ఇమిడే తొడుగు) కొద్ది నెలల్లోనే వదులై, నడిచినప్పుడల్లా చర్మాన్ని ఒరుస్తుంది. పుండు పడితే ఆ కాలు పెట్టుకోవడమే కుదరదు. అందువల్ల తొలి రోజుల్లో సాకెట్‌ను మళ్లీ మళ్లీ మార్చవలసి ఉంటుంది. ఆ తర్వాత కూడా మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకోసారి కాలు మొత్తం మార్చుకోవాలి. పాతికేళ్లకు గాయపడిన జవాను అరవై ఐదేళ్లు వచ్చేలోపు పది దాకా కృత్రిమ కాళ్లు అరగదీస్తాడు. మోకాలి పైన కాలు పోయి, కదలికను పసిగట్టి సర్దుకొనే ఎలక్ట్రానిక్ మోకాలు పెట్టించుకుంటే ఒక్కోసారి అయ్యే ఖర్చు లక్షల్లో ఉంటుంది. బ్యాటరీ, సర్వీసింగ్, విడిభాగాల ఖర్చు వేరే.

ఇక్కడే కానుక చిక్కు బయటపడుతుంది. కంపెనీ ఉత్సాహంగా ఖరీదైన విదేశీ కాలు పెట్టిస్తుంది, వారంటీ ముగుస్తుంది, నాలుగేళ్ల తర్వాత అది పాడైతే బాగుచేయించే స్తోమత జవానుకు ఉండదు. దాన్ని మూలన పెట్టి పాత మామూలు కాలుకు తిరిగి వెళ్లవలసి వస్తుంది. ఆ అలవాటు మార్చుకోవడం శరీరానికీ మనసుకూ కష్టమే. మంచి ఉద్దేశంతో ఇచ్చిన వస్తువు భారంగా మారే సందర్భాల్లో ఇదొకటి. నాలుగు లక్షల కాలు ఒకసారి ఇవ్వడం కంటే, లక్ష రూపాయల కాలిచ్చి ఇరవై ఏళ్ల పాటు మార్పిడికీ మరమ్మతుకూ డబ్బు కేటాయించడం మేలని చెప్పడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు.

ఈ ఖర్చును తగ్గించగల పనులు కొన్ని హైదరాబాద్‌లోనే జరిగాయి. క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో పనిచేస్తున్న రోజుల్లో అబ్దుల్ కలాం నిమ్స్ వైద్యులతో కలిసి, పోలియో పిల్లలు మోస్తున్న దాదాపు మూడు కిలోల ఇనుప కాలిపర్ల (కాలికి ఆధారంగా కట్టే చట్రాల) స్థానంలో 300 గ్రాముల తేలికపాటి కాలిపర్లు చేయించారు. అగ్ని క్షిపణి కోసం తయారైన కాంపోజిట్ పదార్థమే అందుకు పనికొచ్చింది. అదే డీఆర్‌డీఎల్ 2025 జూలైలో బీబీనగర్ ఎయిమ్స్‌తో కలిసి కార్బన్ ఫైబర్ పాదాన్ని విడుదల చేసింది. 125 కిలోల బరువు వరకు పరీక్షించిన ఈ పాదం తయారీ ఖర్చు 20 వేల రూపాయల లోపు ఉంటుందని, అలాంటి విదేశీ పాదం సుమారు 2 లక్షలు పలుకుతోందని ఆ సంస్థలు వెల్లడించాయి. ఒక విదేశీ పాదానికి అయ్యే డబ్బుతో పదిమందికి పాదాలు రావచ్చన్నమాట. సైనికులకు సాయం చేయాలనుకునే నగర కంపెనీలకు ఇది కళ్లెదుట ఉన్న అవకాశం. ఇలాంటి పాదాల తయారీకి, జిల్లాల్లో సాకెట్ బిగించే నిపుణుల శిక్షణకు పెట్టే ఖర్చు ఒక్కరి కానుకగా మిగిలిపోదు.

ఉద్యోగమనే సాయం

మురళీకాంత్ పేట్కర్ పేరు ఈ సందర్భంలో తప్పక గుర్తుకు వస్తుంది. సికింద్రాబాద్‌లో శిక్షణ కేంద్రమున్న ఈఎమ్‌ఈ విభాగానికి చెందిన ఈ జవాను 1965 యుద్ధంలో తూటాల గాయాలతో నడుము కింది భాగం చచ్చుబడిపోయాడు. 1972లో జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. ఆయనకు పద్మశ్రీ వచ్చింది 2018లో. ఈ రెండు తేదీల మధ్య 46 ఏళ్లు ఉన్నాయి. ఆ మధ్యకాలంలో ఆయన జీవితాన్ని నిలబెట్టిన వాటిలో పుణేలోని టెల్కోలో (నేటి టాటా మోటార్స్) దొరికిన ఉద్యోగం ఒకటి. పతకం తెచ్చిన పేరు ఎప్పుడో ఒకసారి పత్రికల్లో వచ్చింది, జీతం మాత్రం నెలనెలా వచ్చింది.

చట్టాల పరంగా చూస్తే ఉద్యోగం విచిత్రమైన చోట ఉంది. జవానును ఉద్యోగంలోకి తీసుకొని ఇచ్చే జీతం వ్యాపార ఖర్చు, కాబట్టి సామాజిక బాధ్యత కింద చూపలేరు. అతన్ని ఉద్యోగానికి సిద్ధం చేసే శిక్షణకు పెట్టే ఖర్చును మాత్రం చూపవచ్చు. పన్ను లెక్కలో పరిస్థితి దీనికి తలకిందులు. సామాజిక బాధ్యత ఖర్చును వ్యాపార ఖర్చుగా లాభం నుంచి తగ్గించుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జీతాన్ని ఒప్పుకుంటుంది. దాదాపు 25 శాతం పన్ను పరిధిలో ఉన్న కంపెనీకి పది లక్షల వార్షిక జీతం ఇస్తే సుమారు రెండున్నర లక్షల పన్ను తగ్గుతుంది, పైగా పనీ జరుగుతుంది. వార్షిక నివేదికలో సామాజిక బాధ్యత పేజీలో చోటు దక్కదన్నదొక్కటే లోటు.

ప్రభుత్వ రంగంలో ఈ దారి చాలాకాలంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో, జాతీయ బ్యాంకుల్లో గ్రూప్‌ సి పోస్టుల్లో 14.5 శాతం, గ్రూప్‌ డి పోస్టుల్లో 24.5 శాతం మాజీ సైనికుల కోటా ఉంది. అందులో 4.5 శాతం వైకల్యం పాలైన సైనికులకు, అమరుల కుటుంబాలకు ఉద్దేశించింది. కార్గిల్ తర్వాత పెట్రోలు బంకులు, గ్యాస్ ఏజెన్సీలు కూడా కేటాయించారు. ప్రైవేటు రంగంలో ఇలాంటి కోటా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలంటుంది, సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులుండేలా ప్రోత్సాహకాలివ్వాలని ప్రభుత్వానికి చెబుతుంది. అక్కడితో ఆగుతుంది. బ్రిటన్‌లో కంపెనీలు సైనికులకు తాము చేయబోయే మేలును ముందే రాసి సంతకం చేసే ఒడంబడిక పద్ధతి ఉంది. ఆచరణను బట్టి వాటికి కాంస్య, రజత, స్వర్ణ గుర్తింపు ఇస్తారు. అక్కడ గుర్తింపు ఒక్క కానుకకు కాదు, నియామకాల తీరుకు దక్కుతుంది. ఆ పద్ధతి ఇక్కడికి తెచ్చుకోదగినదే.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంస్థలకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది. కూర్చొని చేసే పని, ఇంటి నుంచి చేయగల పని, ర్యాంపులూ లిఫ్టులూ ఉన్న భవనాలు వాటికి ఇప్పటికే ఉన్నాయి. అడ్డంకి వేరే చోట ఉంది. చాలామంది జవాన్లు పదో తరగతి, ఇంటర్‌తో సైన్యంలో చేరినవారు. సైన్యపు సమాచార విభాగం సిగ్నల్స్‌లోనూ ఈఎమ్‌ఈలోనూ యంత్రాలతో సంవత్సరాలు గడిపిన అనుభవం వారికి ఉన్నా, దరఖాస్తులను వడపోసే సాఫ్ట్‌వేర్ డిగ్రీ లేదని మొదటి గడపలోనే వెనక్కి పంపుతుంది. ఆ గడప దాటించే ఆరునెలల శిక్షణ, ఆపైన ఉద్యోగం, ఈ రెండూ ఒకే సంస్థ ఇవ్వగలిగితే మొదటి భాగం సామాజిక బాధ్యతలో, రెండో భాగం వ్యాపారంలో పడుతుంది. రెండు చట్టాల లాభమూ దక్కుతుంది.

అగ్నివీరులతో రాబోయే చిక్కు

సైనికులను అగ్నివీరుల పేరుతో నాలుగేళ్లకు చేర్చుకొనేలా 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం ఈ చర్చకు కొత్త కోణాన్ని చేర్చింది. నాలుగేళ్ల సర్వీసు తర్వాత 25 శాతం వరకు మాత్రమే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి పింఛను, ఈసీహెచ్‌ఎస్, మాజీ సైనికుడి హోదా ఉండవని పథకం నిబంధనలు చెబుతున్నాయి. సర్వీసు కారణంగా వైకల్యం వస్తే తీవ్రతను బట్టి 44 లక్షలు, 25 లక్షలు, 15 లక్షల రూపాయల ఏకమొత్తం ఇస్తారు, మిగిలిన సర్వీసు కాలపు జీతం కూడా కలుపుతారు. మొత్తం పెద్దదే, కానీ నెలనెలా వచ్చేది కాదు. పైన చెప్పిన కృత్రిమ కాలి లెక్కకు దీన్ని పక్కన పెట్టి చూస్తే, ఇరవై రెండేళ్ల యువకుడు ఆ డబ్బును నలభై ఏళ్లు జాగ్రత్తగా నడుపుకోవలసి ఉంటుందని అర్థమవుతుంది.

సైనికాధికారులు కావడానికి శిక్షణ పొందుతూ గాయపడి ఇంటికి పంపబడిన క్యాడెట్ల విషయంలో ఇలాంటి హోదా చిక్కే దశాబ్దాలు సాగింది. సర్వీసులోకి చేరకముందే గాయపడ్డారు కాబట్టి వారు మాజీ సైనికుల లెక్కలోకి రాలేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయాన్ని చేపట్టిన తర్వాతే ఈసీహెచ్‌ఎస్ వైద్యం వారికి వర్తింపజేశారు.

2022 చివర్లో, 2023 తొలినాళ్లలో శిక్షణలో చేరిన తొలి అగ్నివీరులకు నాలుగేళ్లు 2026 చివరికి, 2027 తొలినాళ్లకు పూర్తవుతాయి. వారిలో గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లోనూ సికింద్రాబాద్ కేంద్రాల్లోనూ శిక్షణ పొందినవారున్నారు. గాయంతో బయటికి వచ్చే అగ్నివీరుడు ఏడో షెడ్యూలులోని సైనికుల పద్దు కిందికి వస్తాడా అన్నది కంపెనీల బోర్డులు తేల్చుకోవలసిన ప్రశ్న, ఎందుకంటే కంపెనీల చట్టంలో మాజీ సైనికుడనే మాటకు విడిగా నిర్వచనం లేదు. సందేహమున్నా సాయం ఆగనవసరం లేదు. అదే షెడ్యూలులో వైద్యానికి ఒక పద్దు, వికలాంగుల ఉపాధి నైపుణ్యాలకు మరో పద్దు ఉన్నాయి, ఆ రెండూ లబ్ధిదారు ఏ హోదాతో సైన్యం నుంచి బయటికి వచ్చాడని అడగవు.